రేడియోగ్రఫీ అసోసియేట్ డిగ్రీ: 38 ఏళ్ల వయసులో పెట్టే ఖర్చు తిరిగి వస్తుందా?

ప్రశ్న: తెనాలి ఆడపడుచు, ప్లేనో

అందరికీ నమస్కారం. మాది తెనాలి. పెళ్లయ్యాక 2012లో అమెరికా వచ్చాను. ఇప్పుడు టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నాము. నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి 2008లో మైక్రోబయాలజీతో బీఎస్సీ పూర్తి చేశాను. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మావారి గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందిన తరువాత, ఆయన మీద ఆధారపడిన హెచ్-4 వీసాలో ఉన్న నాకు పనిచేసే అనుమతి కార్డు (ఈఏడీ) వచ్చింది. ఐదేళ్లుగా ఒక మందుల దుకాణంలో ఫార్మసీ టెక్నీషియన్‌గా వారానికి 30 గంటలు, గంటకు 17 డాలర్ల చొప్పున పనిచేస్తున్నాను. పిల్లలకు 11, 7 ఏళ్లు. చిన్నవాడు కూడా బడిలో కుదురుకున్నాడు కాబట్టి, ఇరవై ఏళ్లపాటు నిలబడి చేయగలిగే వృత్తి ఒకటి చేతిలో ఉండాలన్న కోరిక నాకు బలపడింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫర్ పని నాకు నచ్చింది. దానికి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ సరిపోతుందని తెలుసుకున్నాను. నా ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది మా కౌంటీ పరిధిలోని కమ్యూనిటీ కాలేజీ. అక్కడ ఫీజు తక్కువ, కానీ ముందు ఏడాదిపాటు అనాటమీ, ఫిజియాలజీ, గణితం, ఇంగ్లిష్ వంటి కోర్సులు పూర్తి చేసి, పోటీలో సీటు సంపాదించాలి. రెండవది ఒక ప్రైవేటు కెరీర్ కాలేజీ. వేచి ఉండనవసరం లేదని, అంతా కలిపి 20 నెలల్లో ముగుస్తుందని, మొత్తం ఖర్చు 45,000 డాలర్లని చెప్పారు. వారి ప్రతినిధి రోజు విడిచి రోజు ఫోన్ చేసి, ఈ నెలాఖరులోగా సంతకం చేస్తే రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తామని అంటున్నారు. మూడవది అదే సంస్థ చూపిస్తున్న మెడికల్ అసిస్టెంట్ (క్లినిక్‌లో డాక్టరుకు సహాయపడే పని) అసోసియేట్ డిగ్రీ. అందులో చేరడం ఇంకా సులువట.

"నువ్వు చదువుతానంటే నేను ఎన్నడూ కాదనను, కానీ ఉన్న ఉద్యోగం మానేసి చదవడమంటే ఎంత పోతుందో, ఎంత వస్తుందో నువ్వే కాగితం మీద వేసి చూపించు" అని మావారు అన్నారు. రెండు రాత్రులు కూర్చున్నా నా లెక్క తేలలేదు. ఫీజు, జీతం పక్కపక్కన రాస్తే అంతా లాభంగానే కనిపిస్తోంది. నేను ఏదో ఒకటి వదిలేస్తున్నానన్న అనుమానం మాత్రం పోవడం లేదు. ఈ రంగంలో ఉన్నవారు, లెక్కలు తెలిసినవారు దయచేసి మార్గం చూపండి.

సమాధానం 1: ఓరుగల్లు బిడ్డ, హ్యూస్టన్

చెల్లెమ్మా, నేను తొమ్మిదేళ్లుగా ఒక పెద్ద ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన మూడవ దారిలోనే నేను ఒకప్పుడు అడుగుపెట్టాను కాబట్టి ముందు దాని గురించి చెప్పనివ్వండి. ఒక ప్రైవేటు కాలేజీలో మెడికల్ అసిస్టెంట్ అసోసియేట్ డిగ్రీకి 28,000 డాలర్లు కట్టాను. చదువు ముగిశాక నాకు దొరికిన ఉద్యోగం గంటకు 14 డాలర్లది. నా పక్క బల్ల దగ్గర పనిచేసిన అమ్మాయి కొన్ని నెలల సర్టిఫికెట్‌తో అదే జీతానికి చేరింది. ఆ పనికి డిగ్రీ అవసరమే లేదన్న సంగతి నాకు చేర్చుకున్నవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత రేడియోగ్రఫీ కోసం కమ్యూనిటీ కాలేజీకి వెళితే, నా పాత క్రెడిట్లలో (పూర్తి చేసిన కోర్సులకు వచ్చే పాయింట్లు) ఒక్కటి కూడా వారు స్వీకరించలేదు. అనాటమీ మళ్లీ మొదటి పాఠం నుంచి చదివాను.

అందువల్ల 'అలైడ్ హెల్త్ అసోసియేట్ డిగ్రీ' (డాక్టర్లు, నర్సులు కాని ఇతర ఆరోగ్య వృత్తుల చదువు) అన్న పేరు ఒకటే అయినా, దాని వెనుక ఉన్న సంపాదన ఒకటి కాదని గ్రహించండి. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2023 మే లెక్కల ప్రకారం మెడికల్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 42,000 డాలర్లు. ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్లకు అది సుమారు 64,000, రేడియోగ్రాఫర్లకు 73,000, రెస్పిరేటరీ థెరపిస్టులకు (శ్వాస చికిత్స చేసేవారు) 78,000, డెంటల్ హైజీనిస్టులకు (పళ్లు శుభ్రం చేసేవారు) 87,000 పైచిలుకు. ఇందులో మెడికల్ అసిస్టెంట్‌ను వదిలేస్తే, మిగిలిన వృత్తులన్నింటిలోనూ గుర్తింపు ఉన్న కోర్సు చదివి, పరీక్ష రాసి, చాలా రాష్ట్రాల్లో లైసెన్సు కూడా తీసుకుంటే తప్ప పనిలోకి రానివ్వరు. నా అనుభవంలో జీతం పెరిగేది ఆ కట్టడి వల్లనే. ఎవరైనా చేరగలిగే పనికి డిగ్రీ కొనుక్కున్నందువల్ల జీతం పెరగదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మధ్యస్థ వేతనం అంటే పాతికేళ్ల అనుభవం ఉన్నవారినీ, నిన్న చేరినవారినీ ఒకే వరుసలో నిలబెట్టినప్పుడు నడుమ ఉన్నవారి జీతం. మీ మొదటి జీతం అది కాదు. మా విభాగంలో ఈ మధ్య చేరిన పిల్లలు గంటకు 28 డాలర్ల దగ్గర మొదలుపెట్టారు. సాయంత్రం, రాత్రి, వారాంతపు షిఫ్టులకు అదనంగా కొంత ఇస్తారు. ఒకటి రెండేళ్ల తరువాత సీటీ గానీ ఎంఆర్ఐ గానీ నేర్చుకుని ఆ పరీక్ష కూడా రాస్తే జీతం మరో మెట్టు ఎక్కుతుంది. నేను సీటీకి మారిన ఏడాది వచ్చినంత పెరుగుదల అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి కూడా రాలేదు.

ఇప్పుడు ప్రైవేటు కాలేజీ సంగతి. ప్రైవేటు అయినంత మాత్రాన చెడ్డదని నేను అనను. కానీ సంతకం పెట్టే ముందు రెండు విషయాలు మీరే స్వయంగా చూడండి. రేడియోగ్రాఫర్ల ధ్రువీకరణ పరీక్షను నిర్వహించే ఏఆర్ఆర్‌టీ అనే సంస్థ, తాను గుర్తించిన కోర్సుల జాబితాను తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. కాలేజీకి గుర్తింపు ఉంటే సరిపోదు, ఆ ప్రత్యేక కోర్సు పేరు ఆ జాబితాలో ఉండాలి. పేరు లేకపోతే మీరు పరీక్షకే అర్హులు కారు. పరీక్ష లేకపోతే 45,000 డాలర్లు పోసి కొన్న పట్టా ఏ ఆసుపత్రిలోనూ పనికిరాదు. రెండవది, రేడియోగ్రఫీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే జేఆర్‌సీఈఆర్‌టీ అనే సంస్థ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ ఎంతమంది చదువు పూర్తి చేశారు, మొదటి ప్రయత్నంలో ఎంతమంది పరీక్ష గట్టెక్కారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి అన్న అంకెలను బహిరంగంగా ప్రకటించాలి. అందరూ పరీక్ష ఫలితాన్నే చూస్తారు. మీరు మాత్రం ముందుగా చదువు పూర్తి చేసినవారి శాతం చూడండి. మా బ్యాచ్‌లో 24 మంది చేరితే 16 మంది మిగిలాము. మానేసిన ఎనిమిది మందిలో చదువు రానివారు ఇద్దరే, మిగిలిన ఆరుగురినీ ఇల్లు, పిల్లలు, డబ్బు మధ్యలో వెనక్కి లాగాయి.

ఆ లాగుడు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. వారానికి రెండు రోజులు తరగతి, మూడు రోజులు ఆసుపత్రిలో క్లినికల్స్, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణ, ఉంటాయి. మా కాలేజీలో దానికి జీతం ఇవ్వలేదు. ఉదయం ఏడింటికల్లా ఏప్రాన్ కట్టుకుని, మన పేరు మొదటి అక్షరాలు ఉన్న చిన్న సీసపు మార్కర్లు జేబులో వేసుకుని సిద్ధంగా ఉండాలి. కుడి ఎడమలు తెలిపే ఆ మార్కర్‌ను ప్లేటు మీద అతికించి, రోగిని సరైన కోణంలో పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి మీట నొక్కాలి. చూడటానికి ఇంతే. కానీ తుంటి ఎముక విరిగిన ఎనభై ఏళ్ల పెద్దావిడను నొప్పి కలగకుండా పక్కకు తిప్పడం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. నడుము బలం కావాలి. 38 ఏళ్లకు అది సమస్య కాదు, నేను చేరినప్పుడు నా వయసు 36. కానీ ఇరవై ఏళ్లు నిలబడాలని రాశారు కాబట్టి, యాభై దాటేసరికి సీటీ, ఎంఆర్ఐ వంటి కాస్త తేలికైన విభాగానికి మారే ఆలోచన ఇప్పటి నుంచే ఉంచుకోండి.

సమాధానం 2: పద్దుల మనిషి, ఎడిసన్

నేను పన్నుల పత్రాలు తయారుచేసే వృత్తిలో ఉన్నాను. అమ్మా, మీరు ఏదో వదిలేస్తున్నానని అనుమానపడ్డారు. మీరు వదిలేసినవి రెండు ఉన్నాయి. చదువుకునే కాలంలో రాకుండా పోయే జీతం ఒకటి, వచ్చే జీతం మీద కట్టే పన్ను రెండవది. ఆ రెండూ చేర్చి లెక్క వేస్తాను. మీ అంకెలు మారితే అదే పద్ధతిలో మార్చుకోండి.

ఇప్పుడు మీ సంపాదన గంటకు 17, వారానికి 30 గంటలు, ఏడాదికి 50 వారాలు, అంటే 25,500 డాలర్లు. మీ వారి జీతం మీరు చెప్పలేదు కాబట్టి, ఉమ్మడి రిటర్నులో మీ సంపాదన 22 శాతం శ్లాబులో పడుతుందని అనుకుంటున్నాను. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లకు మరో 7.65 శాతం పోతుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మొత్తం 29.65 శాతం పోగా మీ ఇంటికి వచ్చేది సుమారు 17,900. రేడియోగ్రాఫర్‌గా గంటకు 28 చొప్పున వారానికి 40 గంటలు చేస్తే 58,240 వస్తుంది. పన్ను పోగా అది సుమారు 41,000. కాబట్టి ఈ చదువు మీకు ఏడాదికి అదనంగా ఇచ్చేది 23,000 డాలర్లు. మీరు పక్కపక్కన రాసుకున్న అంకెల్లో ఇది 30,000 దాటి కనిపించి ఉంటుంది.

కమ్యూనిటీ కాలేజీలో కౌంటీ వాసులకు ఫీజు సాధారణంగా క్రెడిట్‌కు వంద డాలర్ల లోపే ఉంటుంది. 70 క్రెడిట్లు, పుస్తకాలు, యూనిఫాం, టీకాలు, నేర చరిత్ర తనిఖీ, ఏఆర్ఆర్‌టీ పరీక్ష రుసుము అన్నీ కలిపి 9,000 అనుకుందాం. ముందస్తు కోర్సులను సాయంత్రాలు చదువుతూ ఉద్యోగం కొనసాగిస్తారు, అసలు కోర్సు రెండేళ్లూ ఉద్యోగం మానేస్తారు. పోయే జీతం 35,800. మొత్తం పెట్టుబడి 44,800. ఏడాదికి 23,000 చొప్పున అది రెండేళ్ల లోపే తిరిగి వస్తుంది.

ప్రైవేటు కాలేజీ అయితే 45,000 ఫీజుకు 20 నెలల జీతం 29,900 కలిపి 74,900. అది తిరిగి రావడానికి మూడేళ్ల మూడు నెలలు పడుతుంది. ఇంతవరకు చూస్తే తీర్పు తేలికే. కానీ ప్రైవేటు దారిలో మీరు 16 నెలలు ముందుగా కొత్త జీతం అందుకుంటారు. ఆ సంగతి చేర్చి చూస్తే, రెండు దారుల్లోనూ పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి వచ్చేసరికి మీ వయసు దాదాపు 43. నిజం చెప్పాలంటే ఈ ఫలితం చూసి నేను లెక్కను మళ్లీ మొదటి నుంచి వేశాను. తేడా రాలేదు. వేచి ఉండటానికి కూడా ధర ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీలో మొదటి ప్రయత్నంలో సీటు రాక మరో ఏడాది ఆగితే, మీరు 23,000 డాలర్లు కోల్పోయినట్టే.

అలాగని ప్రైవేటు దారి సమానమని నేను చెప్పను. పై లెక్కలో వడ్డీ లేదు. హెచ్-4 మీద ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనవసరం లేని పెల్ గ్రాంటు గానీ, ఫెడరల్ విద్యా రుణం గానీ రావు. అవి పౌరులకు, గ్రీన్ కార్డు వంటి అర్హత ఉన్నవారికి మాత్రమే. మీరు 45,000 పొదుపులోంచి తీయాలి, లేదా బ్యాంకు నుంచి ప్రైవేటు రుణం తేవాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది, పై సమాధానంలో అక్కగారు చెప్పిన మాట. చదువు మధ్యలో ఆగితే కమ్యూనిటీ కాలేజీలో మీరు పోగొట్టుకునేది కొన్ని వేలు, అక్కడ అనాటమీ క్రెడిట్లు మీ పేరున మిగులుతాయి. ప్రైవేటు కాలేజీలో పోయేది ఆ 45,000 ఫీజులో పెద్ద భాగం. గెలిచినప్పుడు వచ్చే లాభం సమానమై, ఓడినప్పుడు పోయేది ఇన్ని రెట్లు ఎక్కువగా ఉన్నప్పుడు నేనైతే మొదటి దారినే ఎంచుకుంటాను.

మరో చిన్న మాట. మీరు కట్టే ఫీజులో 20 శాతాన్ని, ఏడాదికి 2,000 డాలర్ల వరకు, లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ రూపంలో పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఉమ్మడి ఆదాయం 160,000 దాటితే అది తగ్గుతూ 180,000 దగ్గర ఆగిపోతుంది. అలాగే టెక్సస్‌లో హెచ్-4 ఉన్నవారు కూడా నివాస నిబంధన నెరవేర్చి స్థానికుల ఫీజుకు అర్హత పొందవచ్చు. కాలేజీవారు మిమ్మల్ని పొరపాటున విదేశీ విద్యార్థి ఫీజులో వేస్తే వెంటనే అడిగి సరిచేయించుకోండి.

సమాధానం 3: వెంటిలేటర్ పక్కన, చికాగో

నేను రెస్పిరేటరీ థెరపిస్టును, స్వస్థలం అనకాపల్లి. పద్దుల మనిషిగారి లెక్క చాలా ఉపయోగకరం. అందులో ఒక అంకెను మాత్రం సవరిస్తాను. ఆసుపత్రుల్లో చాలా ఉద్యోగాలు వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు. పూర్తి ఉద్యోగం అంటే 36 గంటలు, 40 కాదు. గంటకు 28 చొప్పున ఏడాదికి 52,400 వస్తుంది, పన్ను పోగా మీకు పెరిగేది 19,000కు కాస్త తక్కువ. అప్పుడు కమ్యూనిటీ కాలేజీ ఖర్చు తిరిగి రావడానికి రెండేళ్ల నాలుగు నెలలు, ప్రైవేటుకు దాదాపు నాలుగేళ్లు పడుతుంది. అయితే వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉంటారు. పిల్లలున్న తల్లికి ఆ నాలుగు రోజుల విలువ ఎంతో నేను డాలర్లలో చెప్పలేను, మా ఇంట్లో మాత్రం అది చాలా పెద్దది.

నేను రాయదలచుకున్న అసలు విషయం మీ ఈఏడీ. మీ సంపాదన మొత్తం ఆ కార్డు మీద ఆధారపడి ఉంది. ఇదివరకు కార్డు గడువు ముగిసేలోగా పొడిగింపునకు దరఖాస్తు చేస్తే, అర్హత ఉన్నవారికి 540 రోజుల వరకు ఆటోమేటిక్ పొడిగింపు ఉండేది. 2025 అక్టోబర్ 30 నుంచి దాఖలు చేసే పొడిగింపు దరఖాస్తులకు ఆ సదుపాయాన్ని తొలగించారు. కొత్త కార్డు చేతికి రాకపోతే పాత కార్డు గడువు ముగిసిన రోజే పని ఆపాలి. నాలుగు నెలలు ఆలస్యమైతే పై 36 గంటల లెక్క ప్రకారం ఇంటికి రావలసిన 12,300 డాలర్లు రావు. అది కమ్యూనిటీ కాలేజీకి ఫీజు, పుస్తకాలు వగైరాలకు వేసుకున్న 9,000 కన్నా ఎక్కువ. మా విభాగంలో ఒక తెలుగు సహోద్యోగి ఇదే కారణంతో ఈ వేసవిలో ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఉద్యోగం పోలేదు కానీ షెడ్యూలులో ఆమె గళ్లు వారం వారం ఖాళీగా కనిపిస్తుంటే మా అందరికీ బాధ కలిగింది.

మీ వారి ఉద్యోగానికి ఏదైనా జరిగితే హెచ్-1బీ వారికి ఉండే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు. ఆ పరిస్థితిలో చేతిలో సగం చదువు, నెత్తిన 45,000 డాలర్ల ప్రైవేటు రుణం ఉండటం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. హెచ్-4 మీద చదువుకోవడానికి వేరే అనుమతి అక్కరలేదు, ఆ మేరకు మీకు ఇబ్బంది లేదు. అప్పు మాత్రం వద్దని నా గట్టి అభిప్రాయం. గ్రీన్ కార్డు దగ్గరపడిన కుటుంబానికి నేను ఇంత గట్టిగా చెప్పను.

మా వృత్తి గురించి కూడా అడుగుతారేమో. చదువు దాదాపు అంతే కాలం, మొదటి జీతం రేడియోగ్రఫీకి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉంటుంది. కానీ కోవిడ్ రోజుల్లో ట్రావెల్ కాంట్రాక్టుల (వేరే ఊళ్ల ఆసుపత్రుల్లో కొన్ని వారాలపాటు చేసే తాత్కాలిక పని) మీద వచ్చిన వారపు జీతాలను చూసి ఎవరూ ఇందులోకి రావద్దు. ఆ కాలం వెళ్లిపోయింది. రాత్రి రెండింటికి కోడ్ బ్లూ (రోగి గుండె లేదా ఊపిరి ఆగిందన్న అత్యవసర పిలుపు) పిలిస్తే పరుగెత్తే ఓపిక, వెంటిలేటర్ తొలగించే సమయంలో కుటుంబం పక్కన నిలబడగలిగే మనసు ఉంటే రండి. డెంటల్ హైజీన్ జీతం అందరికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఆ రంగంలో వారానికి రెండు మూడు రోజుల ఉద్యోగాలే ఎక్కువ, ఆరోగ్య బీమా అన్ని చోట్లా ఇవ్వరు. బీమా మీ వారి ద్వారా ఉంటుంది కాబట్టి మీకు అది అడ్డంకి కాకపోవచ్చు.

మధ్యలో ఒక ప్రశ్న: ఒక తండ్రి, కరీంనగర్

అయ్యా, మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీ ఇంటర్ పూర్తి చేసింది. ఇక్కడి కన్సల్టెన్సీవారు అమెరికాలో రెండేళ్ల రేడియాలజీ డిగ్రీకి పంపితే ఖర్చు తక్కువ, జీతం ఎక్కువ అంటున్నారు. రెండెకరాలు అమ్మితే సరిపోతుంది. పై లెక్క మాకు కూడా వర్తిస్తుందా?

సమాధానం: వెంటిలేటర్ పక్కన, చికాగో

అన్నగారూ, దయచేసి ఆ భూమి అమ్మకండి. పై లెక్క మీకు వర్తించదు. తెనాలి చెల్లెలుగారికి ఇక్కడ పనిచేసే అనుమతి ఇప్పటికే ఉంది. మీ అమ్మాయి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వస్తుంది, స్థానికులకన్నా ఎన్నో రెట్లు ఫీజు కడుతుంది, చదువు తరువాత ఓపీటీ (విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద పన్నెండు నెలలు పని చేయగలదు. సైన్స్, టెక్నాలజీ చదివినవారికి ఆ అనుమతిని పెంచే స్టెమ్ పొడిగింపు బ్యాచిలర్స్ గానీ ఆపైన గానీ ఉన్నవారికే. హెచ్-1బీకి ఆ ఉద్యోగానికే కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ అవసరమై ఉండాలి, అసోసియేట్ డిగ్రీతో చేసే రేడియోగ్రాఫర్ ఉద్యోగం సాధారణంగా ఆ కోవలోకి రాదు. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు ఈబీ-3 అనే విభాగం కింద సాధ్యమే కానీ భారతీయులకు ఆ వరుస పదేళ్లు దాటింది. ఏడాది పనిచేసి తిరిగి రావలసిన చదువుకు రెండెకరాలు ఇవ్వకూడదు. అమ్మాయికి ఈ రంగం నిజంగా ఇష్టమైతే మన దగ్గరే మెడికల్ ఇమేజింగ్‌లో గానీ, ల్యాబ్ టెక్నాలజీలో గానీ బీఎస్సీ చదివించండి. 2021లో వచ్చిన అలైడ్ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంతో ఆ చదువులకు దేశమంతటా ఒకే ప్రమాణం ఏర్పడే దారి తెరుచుకుంది. తరువాత ఎక్కడికి వెళ్లాలన్నా బ్యాచిలర్స్ డిగ్రీ చేతిలో ఉంటుంది.

సమాధానం 4: ఓరుగల్లు బిడ్డ, హ్యూస్టన్

కరీంనగర్ అన్నగారికి ఇచ్చిన సమాధానంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా ఆసుపత్రిలో క్లినికల్స్‌కు వచ్చిన ఒక విద్యార్థి వీసా అమ్మాయి ఇలాగే ఏడాది చేసి కన్నీళ్లతో వెళ్లిపోయింది.

తెనాలి చెల్లెమ్మకు మరో మాట. పెద్ద కాలేజీలు మూతపడవన్న ధీమా వద్దు. కొరింథియన్ అనే సంస్థ దేశమంతటా కాలేజీలు నడిపి 2015లో మూతపడింది. 2022లో ప్రభుత్వం అక్కడ చదివిన సుమారు 560,000 మందికి 580 కోట్ల డాలర్ల ఫెడరల్ రుణాన్ని రద్దు చేసింది. అది ఫెడరల్ రుణం కాబట్టి రద్దయింది. మీరు తెచ్చేది ప్రైవేటు రుణం, దానికి అలాంటి రక్షణ ఉండదు. నేను కట్టిన 28,000లో చివరి వాయిదా, రేడియోగ్రాఫర్‌గా చేరిన నాలుగో ఏట తీరింది. ఆ నాలుగేళ్లు నా కొత్త జీతంలో ఒక భాగం నాకు అక్కరకు రాని పాత పట్టాకే పోయింది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

తిరిగి తెనాలి ఆడపడుచు, ప్లేనో

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ముందుగా ప్రైవేటు కాలేజీకి స్వయంగా వెళ్లాను. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు అని అడిగితే, పరీక్షలో ఉత్తీర్ణత శాతం ఉన్న రంగు కాగితం చేతిలో పెట్టారు. పూర్తి చేసినవారి సంఖ్య కావాలని మళ్లీ అడిగితే ఈమెయిల్‌లో పంపుతామన్నారు. వారం దాటినా ఆ ఈమెయిల్ రాలేదు. సంతకం గుర్తుచేసే ఫోన్లు మాత్రం నాలుగు వచ్చాయి. మెడికల్ అసిస్టెంట్ ఆలోచనను అదే రోజు వదిలేశాను.

కమ్యూనిటీ కాలేజీ సమాచార సమావేశానికి మావారిని కూడా తీసుకువెళ్లాను. అక్కడ ఆ అంకెలన్నీ తెర మీద మొదటి పేజీలోనే చూపించారు. చేరిన ప్రతి నలుగురిలో ఒకరు పూర్తి చేయలేదని వారే చెప్పారు, కారణాలు కూడా చెప్పారు. సీట్లు 26, క్రితం ఏడాది వచ్చిన దరఖాస్తులు వందకు పైన. సైన్స్ కోర్సులు ఐదేళ్లకు మించి పాతవి కాకూడదన్న నిబంధన ఉంది, నావి 2008 నాటివి కాబట్టి లెక్కలోకి రావు. ఇంగ్లిష్, గణితం క్రెడిట్లు మూల్యాంకనం తరువాత రావచ్చు.

పద్దుల మనిషిగారు వేసిన లెక్కను మా అంకెలతో తిరిగి రాశాను. మూడు మార్పులు చేశాను. వారానికి 36 గంటలే పెట్టాను. సీటు రెండవ ప్రయత్నంలో వస్తుందని అనుకున్నాను. ఈఏడీ ఒకసారి నాలుగు నెలలు ఆలస్యమవుతుందని కూడా చేర్చాను. అన్నీ కలిపినా 46 ఏళ్లలోపు మా డబ్బు మాకు తిరిగి వస్తోంది. మావారు కాగితం రెండుసార్లు చదివి, ఉద్యోగం మానేసే రెండేళ్ల ఇంటి ఖర్చును ముందే పక్కన పెట్టాలని, అది జమ అయ్యాకే నేను రాజీనామా ఇవ్వాలని షరతు పెట్టారు. న్యాయంగానే తోచింది. ముందస్తు కోర్సుల ఏడాది అందుకే ఉందనుకుంటున్నాను. క్లినికల్స్ మొదలయ్యే ఏడాది అత్తయ్యగారు వచ్చి ఆరు నెలలు ఉంటానన్నారు. మిగిలిన ఆరు నెలల ఉదయాలకు ఎదురింటివారితో మాట్లాడుతున్నాను.

జనవరి నుంచి మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరింటికి అనాటమీ మొదటి భాగం తరగతికి పేరు నమోదు చేసుకున్నాను. ల్యాబ్‌తో కలిపి నాలుగు క్రెడిట్లు, మొదటి ఫీజు మా ఖాతాలోంచే కట్టాను. ట్రాన్‌స్క్రిప్టులను సీలు వేసిన కవరులో పంపించడానికి మా తమ్ముడు సోమవారం విశ్వవిద్యాలయానికి వెళ్తున్నాడు. ఓరుగల్లు అక్కా, మీరు చదివిన అనాటమీ పుస్తకం ఏ ఎడిషన్ అయినా ఉంటే తపాలా ఖర్చు నేను భరిస్తాను, దయచేసి చెప్పండి.